పన్నెండు గంటల స్థానం

మా మండలి పుట్టడానికి కారణం ఒక పెద్దమనిషి చెవి. ఆ చెవి ఎవరిదో చెప్పను, చెబితే నా కాంట్రాక్టు ఊడుతుంది. ఏదో రాష్ట్రస్థాయి సభ జరుగుతోంది. వేదిక పక్కన కూర్చున్న ఆర్కెస్ట్రాలో కీబోర్డాయన స్వాగత గీతం వాయిస్తూ, హుషారెక్కి, సింథసైజరు మీదున్న రెండు నాబ్‌లని కుడివైపు ఆఖరిదాకా తిప్పేశాడు. కీబోర్డు ఈల వేసింది. ఆ ఈల నేరుగా వెళ్ళి ముఖ్య అతిథి గారి కుడి చెవిలో దూరింది. ఆయన చెవి మూసుకుని, పక్కనున్న అధికారిని ఒకే ఒక్క మాట అడిగారు.

"ఆ శబ్దానికి అనుమతి ఎవరిచ్చారు?"

ఎవరూ ఇవ్వలేదు. అసలు ఏ శబ్దానికీ ఎవరూ ఎవరి దగ్గరా ఎప్పుడూ అనుమతి తీసుకోలేదు. ఈ సంగతి బయటపడగానే పెద్దపెద్ద వాళ్ళకి చెమటలు పట్టాయి. ఇన్ని కోట్లమంది ఇన్నేళ్ళుగా కాయితం లేకుండానే చప్పుడు చేస్తున్నారా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు వారాలు తిరక్కుండా రాష్ట్ర ధ్వని క్రమబద్ధీకరణ మండలి ఏర్పడింది. దానికో భవనం, రెండు జీపులు, ఒక జెనరేటరు ఇచ్చారు. జెనరేటరు ఆడుతుంటే ఆఫీసులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

ఆ మండలికి నేను సాంకేతిక సలహాదారుని. ఇరవయ్యారేళ్ళు పెళ్ళిళ్ళలో, జాతర్లలో, నాటకాల్లో కీబోర్డు వాయించినవాణ్ణి. దరఖాస్తు పెట్టినవాళ్ళలో కీబోర్డు ముందు ఎటువైపు కూర్చోవాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళకి డాక్టరేట్లున్నాయి. నన్నెలా తీసుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. జాబితాని తలకిందులుగా పట్టుకుని చదివుంటారు.

మండలి అధ్యక్షులు గుండిమెడ పరాంకుశం గారు. పూర్వం పెట్రోలు బంకుల్లో మీటర్లకి సీళ్ళు వేయించే కొలువు చేశారు. సీసం బిళ్ళ నొక్కే పటకారు ఒకటి ఇప్పటికీ ఆయన బల్ల మీద ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి ఉత్తినే నొక్కుతూంటారు. లోకంలో ప్రతి సమస్యకీ ఒక సీలుంటుందనీ, దాన్ని వెయ్యడానికి బెజ్జం వెతకడమే పరిపాలన అనీ ఆయన నమ్మకం.

చేరిన మొదటి రోజే నా కీబోర్డు తెప్పించి ఆయన బల్ల మీద పెట్టించారు.

"నేరము చేసిన నాబ్ ఏది?" అన్నారు.

"ఇదిగో సార్, దీన్ని ఫిల్టరంటారు. కీబోర్డులో పుట్టే శబ్దం ముందు మొరటుగా ఉంటుంది. లావు మోతా, సన్న మోతా అన్నీ కలిసే ఉంటాయి. ఈ నాబ్‌ని ఎడమకి తిప్పితే సన్నవన్నీ ఆగిపోయి లావువే మిగుల్తాయి. పక్కింట్లో పెళ్ళి బాజా గోడ ఇవతల నుంచి విన్నట్టుంటుంది. కుడికి తిప్పుతూ పోతే ఒక్కొక్కటీ బయటికొస్తాయి. సన్నాయి పక్కనే కూచున్నట్టుంటుంది."

తిప్పి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆ రెండవది?"

"అది రెజొనెన్స్ సార్. ఎక్కడ కోస్తున్నామో ఆ అంచుని పట్టి నొక్కి వినిపిస్తుంది. కాస్త వేస్తే ముక్కుతో పాడినట్టు ముద్దుగా ఉంటుంది, మరీ ఎక్కువైతే ఈల వేస్తుంది. ఆ రోజు ఆయన రెండూ కలిపి తిప్పేశాడు. అతి చెయ్యకు నాయనా అని ఒక్క మాట చెబితే సరిపోతుంది సార్."

"చెబితే సరిపోవుట అనునది పరిపాలనలో లేదు." పటకారు టక్కుమంది. "సరియైన స్థానము ఏది?"

"ఒక స్థానమంటూ ఉండదు సార్. వాయిస్తూ తిప్పుతుండాలి. పాటని బట్టి, గొంతుని బట్టి, హాలుని బట్టి..."

"బట్టి, బట్టి, బట్టి!" అన్నారాయన. "ముప్పదియొక్క సంవత్సరముల సర్వీసులో 'బట్టి' అని వ్రాసియున్న ఏ ఫైలు మీదనూ నేను సంతకము చేసియుండలేదు."

తొలి సమావేశం ఆ నాబ్ మీదే జరిగింది. రెండో నాబ్‌ని కనిపించకుండా ప్లాస్టరు వేసి మూసెయ్యమన్నారు, దాని గొడవ అంతటితో పోయింది. మొదటిదాని దగ్గరే వచ్చింది చిక్కు. ఒక సభ్యుడు ఫిల్టరు పూర్తిగా మూసెయ్యాలన్నాడు, ప్రజల చెవులకి అదే క్షేమమని. నేను మూసి వాయించాను. ఏమీ వినపడలేదు. "బాగుంది," అన్నాడాయన. ఇంకో సభ్యుడు పూర్తిగా తెరిచెయ్యాలన్నాడు, పారదర్శకత ప్రభుత్వ విధానమని. రెండు గంటలు కొట్టుకున్నారు. మూడుసార్లు టీ వచ్చింది, ఒకసారి జీడిపప్పు పకోడీ వచ్చింది. చివరికి పరాంకుశం గారు గోడ గడియారం వైపు చెయ్యి చూపించారు.

"మూసిననూ ఆక్షేపణయే, తెరిచిననూ ఆక్షేపణయే. ఆక్షేపణకు అందని స్థానము ఒక్కటియే గలదు. నిట్టనిలువు."

"ఒక్కో కంపెనీది ఒక్కోలా పలుకుతుంది సార్. దీంట్లో సగమంటే ఇంకోదాంట్లో ముప్పావు."

"కంపెనీల తప్పిదమునకు ప్రభుత్వము బాధ్యత వహింపదు."

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

"ఇందుమూలముగా యావన్మంది వాద్యకారులకు తెలియజేయునదేమనగా, రాష్ట్రపరిధిలోని ప్రతి సింథసైజరు యొక్క ఫిల్టరు నాబ్‌ను గడియారములో పన్నెండు గంటలు చూపు స్థానమునందు నిలిపి, మండలి వారి సీసపు సీలు వేయించుకొని, వాద్యానుమతి కార్డు పొందవలెను. కార్డు లేనివారు వేదిక నెక్కరాదు. సీలును తొలగించినవారు, కదిలించినవారు, కదిలించవలెనని తలచినవారు కార్డును శాశ్వతముగా కోల్పోవుదురు."

తలచినవారు అన్న మాట పరాంకుశం గారే స్వయంగా చేర్చారు. చేర్చి, ఆ పూట చాలా సంతోషంగా ఇంటికెళ్ళారు.

జిల్లా జిల్లాకీ సీళ్ళ శిబిరాలు పెట్టాం. కీబోర్డుల్ని దుప్పట్లలో చుట్టుకుని, బస్సుల్లో ఒళ్ళో పెట్టుకుని వచ్చారు జనం. నాబ్‌కి సన్న బెజ్జం వెయ్యడం, తీగ దూర్చడం, పక్కనున్న మరమేకుకి బిగించడం, సీసం బిళ్ళ పెట్టి నొక్కడం. టక్. తరవాతి వారు రండి. కొన్ని కీబోర్డులకి నాబ్ ఉండదు, తెర మీద అంకె కనిపిస్తుంది. వాటి తెరకి నల్ల రంగు పూసి, మీద తెల్ల రంగుతో పన్నెండు అని రాశాం.

రెండో రోజు ఒక సన్నాయి ఆయన వచ్చాడు. పాపం నిజాయితీపరుడు. "నాకు నాబ్ లేదండి, కార్డిప్పించండి," అన్నాడు. పరాంకుశం గారు సన్నాయిని అటూ ఇటూ తిప్పి చూశారు. నాబ్ లేకపోతే సీలెక్కడ వెయ్యడం? సీలు లేకపోతే కార్డెలా ఇవ్వడం? అరగంట ఆలోచించి, ముందు నాబ్ పెట్టించండి అన్నారు. ఆ మధ్యాహ్నానికల్లా సన్నాయిలకి, మృదంగాలకి, వీణలకి, డప్పులకి బంకతో నాబ్‌లు అంటించి, పన్నెండు గంటలకి తిప్పి, సీళ్ళు వేసేశాం. వేణువుకి చోటు చాల్లేదు, దారం కట్టి వేలాడదీశాం. తాళాలు రెండు ముక్కలు గనక రెండు నాబ్‌లు పెట్టాం. నా చేతుల్తో నేనే పెట్టాను. సిగ్గు లేదా అంటే, ఉంది. ఇంట్లో అత్తగారూ ఉన్నారు, ఉద్యోగం పోతే ఆవిడకి మొహం చూపించలేను.

ఆ శిబిరానికే ధనకుమారి వచ్చింది.

ఆవిణ్ణి గురించి చెప్పాలంటే ముందు కంచర్ల బుల్లెబ్బాయి గారి గురించి చెప్పాలి. మా గోదావరి వైపు పద్యనాటకాలు చూసేవాళ్ళకి ఆ పేరు చాలు. నలభై ఏళ్ళు రాజు వేషం కట్టాడు. పద్యం ఆఖరి పాదం ఎత్తుకుని రాగం తీస్తూ పైకి తీసుకెళ్తుంటే జనం ఊపిరి బిగబట్టి కూచునేవారు, దిగగానే "వన్స్ మోర్!" అని కేకలేసేవారు. ఒక్కో పద్యం మూడేసిసార్లు పాడించుకున్న రోజులున్నాయి. నాలుగేళ్ళ కిందట, చుట్టల పుణ్యమా అని, దవడకి ఆపరేషనైంది. మనిషి బతికాడు, గొంతూ మిగిలింది. నోరు మాత్రం రెండు వేళ్ళ సందుకి మించి తెరుచుకోదు. లోపల రాగం ఎంత ఎత్తుకి వెళ్ళినా బయటికి మూతిముడుచుకునే వస్తుంది.

ఆయన పాత హార్మోనిస్టు కూతురే తలాటం ధనకుమారి. వాళ్ళ నాన్న పోయాక కీబోర్డు పట్టుకుని అదే నాటక సమాజంలో కూచుంది. బుల్లెబ్బాయి గారి కోసం ఒక పద్ధతి కనిపెట్టింది. ఆయన ఆఖరి పాదం ఎత్తుకోగానే అదే స్వరాన్ని కింద నుంచి మెత్తగా పట్టుకుంటుంది, ఫిల్టరు దాదాపు మూసి. ఆయన పైకి వెళ్తుంటే ఎడమచేత్తో నాబ్‌ని వెంట్రుకవాసి చొప్పున తెరుస్తూ పోతుంది. ఆయన నోరు తెరుచుకోని చోట ఆ నాబ్ తెరుచుకుంటుంది. రాగం విచ్చుకున్నది గొంతులోనే అనుకుంటారు వినేవాళ్ళు. ఒకసారి తెర పక్కన నించుని విన్నాను. ఇరవయ్యారేళ్ళు అదే పని చేసిన నాకే ఆయనెక్కడ ఆగాడో, ఆవిడెక్కడ అందుకుందో తెలియలేదు. నిజం చెప్పొద్దూ, ఈర్ష్య కలిగింది.

వరసలో ఆఖరున నించుంది. కీబోర్డుని బల్ల మీద పెట్టమంటే పెట్టదు.

"మాస్టారూ, దీనికి సీలెయ్యకండి," అంది గొంతు తగ్గించి. "మా బాబాయి నోరు సగవే తెరుసుకుంటదని మీకు తెల్సు గదండీ. మిగతా సగం ఈ నాబ్‌లో ఉందండి. ఇది బిగించేత్తే ఆయన నోరు కుట్టేసినట్టేనండి."

"నాకు తెలుసమ్మా. కానీ..."

"నాటకోత్సవాలింక మూణ్ణెల్లే ఉన్నాయండి. అక్కడ ఆ ఒక్క పద్యం జనం మెచ్చేలా పాడేసి, కిరీటం తీసి దణ్ణవెట్టి, ఇంక మానేత్తానంటన్నాడండి. నాలుగేళ్ళుగా మూసినోరు మూసినట్టే తిరుగుతన్నాడండి ఆ మనిషి. గంజి తాగినా ఒలికిపోద్ది, నలుగుర్లో కూచుని తినడండి. పద్యం కాడే రాజులా ఉంటాడు. ఆ ఒక్కపూట ఒగ్గెయ్యండి మాస్టారూ."

నేనింకా నోరు తెరవలేదు. వెనకనుంచి పరాంకుశం గారి చెయ్యి వచ్చింది, చేతిలో పటకారుతో. టక్. ధనకుమారి ఆ సీసం బిళ్ళ వంక కాసేపు చూసింది. తరవాత చీరకొంగుతో ఒకసారి తుడిచి చూసింది, పోతుందేమోనని. కీబోర్డుని మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. తరవాతి సమావేశంలో ఎజెండా అయిపోయాక లేచి నించున్నాను. ఆ ముసలాయన సంగతంతా చెప్పాను. చెప్పి, తెలివి ఉపయోగించబోయాను. నా జన్మలో చేసిన బుద్ధితక్కువ పనుల్లో అది మొదటిది.

"సార్, అసలు మనిషి నోరు కూడా ఫిల్టరే," అన్నాను. "గొంతులో పుట్టేది ఒకటే మోత. నోరు తెరిస్తే 'ఆ' అవుతుంది, ముడిస్తే 'ఊ' అవుతుంది. కీబోర్డులో నాబ్ చేసేదీ సరిగ్గా అదే. దేవుడు ఆయనకి ఆ నాబ్ సగంలో బిగించేశాడు. ధనకుమారి చేతిలోది ఆయన నోరు సార్. దాన్నైనా వదిలెయ్యండి."

సభ్యులందరూ నా నోటి వంకే చూశారు. నా మాట పనిచేసిందనుకున్నాను. మూసెయ్యాలన్న సభ్యుడు మెల్లిగా 'ఆ' అన్నాడు. తెరవాలన్న సభ్యుడు 'ఊ' అన్నాడు. తరవాత ఇద్దరూ మార్చుకుని అన్నారు. పరాంకుశం గారు పటకారు కింద పెట్టారు. ఆయన మొహంలో రక్తం లేదు.

"అనగా," అన్నారు, "ఇన్ని మాసములుగా రాష్ట్రమునందు కోట్లకొలది ఫిల్టర్లు సీలు లేకయే సంచరించుచున్నవన్నమాట!"

"సార్, నేను చెప్పింది..."

"తాము చెప్పినది మినిట్సులో నమోదైనది. మండలి తరఫున తమకు అభినందనలు."

అలా పుట్టింది రెండో ఉత్తర్వు. పాడేవారు, పద్యాలు చదివేవారు, హరికథలు చెప్పేవారు వేదిక మీద నోటిని సరిగ్గా సగమే తెరవాలి. సగమంటే ఎంతో తెలియడానికి మండలి ముద్ర వేసిన చెక్కముక్క ఒకటి, రెండు వేళ్ళ మందంది, ప్రతి జిల్లాకీ పంపాం. దాన్ని పళ్ళ మధ్య నిలబెట్టి చూస్తారు. వదులుగా ఉంటే తప్పు, బిగుతుగా ఉంటే తప్పు. సంగీతం నేర్పే చోట పిల్లలు సరిగమలన్నీ ఒకే గుంటలో పడ్డట్టు పాడటం మొదలెట్టారు. ఒక హరిదాసు గారు చెక్క మింగి ఆస్పత్రిలో చేరారు. చెక్క తిరిగి అప్పగించమని ఆయనకి నోటీసు వెళ్ళింది.

రాష్ట్రమంతా వెతికినా చెక్క పెట్టగానే అతికినట్టు సరిపోయిన నోరు ఒక్కటే దొరికింది. కంచర్ల బుల్లెబ్బాయి గారిది.

పరాంకుశం గారి ఆనందానికి అంతులేదు. ఆయన్ని ఆదర్శ గాయకుడిగా ప్రకటించారు. జిల్లా కేంద్రానికి పిలిపించి, జరీ అంచున్న మందపాటి శాలువా కప్పి, నోరు తెరిపించి ఫోటో తీసి, పోస్టర్లు వేయించారు. "ఇంతే తెరుద్దాం" అని కింద రాసి బస్టాండుల్లో అంటించారు. నాటకోత్సవాల్లో మొట్టమొదటి పద్యం బుల్లెబ్బాయి గారిదేనని, మండలి విజయానికి అదే రుజువనీ పేపర్లలో వేయించారు. సన్మానం అయ్యాక మెట్ల దగ్గర ఆ ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"మేస్టారూ," అన్నాడు పళ్ళ సందుల్లోంచి, "నా రోగానికి శాలువా కప్పేరేటండి?"

శాలువా అంచు సర్దాను.

"ఆయ్, కప్పితే కప్పేరు. ఆ పిల్ల చెయ్యి మట్టుకు కట్టేత్తే ఎలాగండి? ఆ రోజు నేను సగంలో ఆగిపోతాను. ఇన్నాళ్ళూ ఓన్సుమోరన్న జనం జాలిపడతారు. తిట్టినా పడతాను గానండి, జాలి పడలేను."

ధనకుమారి మాత్రం కాయితం మీద పోరాడదామనుకుంది. నేనే చెప్పాను, సడలింపు కోరే ఫారం ఒకటుందని. వారం రోజులు కూచుని, నాటకంలో ఉన్న పందొమ్మిది పద్యాలకీ ఏ పాదంలో ఏ అక్షరం దగ్గర నాబ్ ఎంత తెరవాలో అరవై పేజీల నోటుబుక్కులో రాసుకొచ్చింది. ఇది ఎనిమిది గంటల దగ్గర మొదలెట్టి, ఇక్కడ పదికి తెచ్చి, ఇక్కడ ఊపిరి తీసుకుంటాడు గనక మళ్ళీ తొమ్మిదికి వెళ్ళి, రాగం చివర నాలుగు గంటల దాకా. సంగీతం గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒకెత్తు, ఆ నోటుబుక్కు ఒకెత్తు. ఫారంలో మాత్రం ఒకటే గడి ఉంది: కోరిన స్థానం, ఎన్ని గంటలు?

పరాంకుశం గారు నోటుబుక్కు మొదటి పేజీ చూశారు, ఆఖరి పేజీ చూశారు.

"ఎనిమిది మొదలు నాలుగు వరకు అంటిరి. ఎనిమిదికీ నాలుగుకూ నడుమ ఏముండును?"

"పన్నెండండి. కానండీ..."

"అదియే గదా మేమిచ్చినది! మీరు కోరినదానినే మండలి ముందుగానే మంజూరు చేసియుండగా ఈ దరఖాస్తు ఎందులకమ్మా?" అని దాని మీద 'కోరిక నెరవేరినది' అని రాసి, ఫైలు మూసేశారు. నోటుబుక్కు కూడా ఆ ఫైల్లోనే ఉండిపోయింది. తిరిగి ఇమ్మని నాలుగుసార్లు అడిగింది. ఇవ్వలేదు.

నాటకోత్సవాలు వచ్చాయి. ఉద్యోగులకి ఇబ్బంది లేకుండా ఆఫీసు వేళల్లోనే పెట్టారు, మధ్యాహ్నం మూడింటికి రాజదర్బారు. అయినా హాలు కిటకిటలాడింది. బుల్లెబ్బాయి ఆఖరిసారి పాడుతున్నాడని తెలిసి ఊళ్ళకి ఊళ్ళే ఆటోలు కట్టించుకుని వచ్చాయి. చెవినొప్పి పెద్దమనిషి కూడా మొదటి వరసలో ఉన్నారు. పక్కన పరాంకుశం గారు, ఒళ్ళో పటకారు. నాకు వేసిన డ్యూటీ ఏమిటంటే, కీబోర్డు పక్కన కుర్చీ వేసుకుని సీలు వంక కళ్ళార్పకుండా చూస్తుండటం. కదిలితే చెయ్యెత్తాలి. నేను చెయ్యెత్తితే ధనకుమారి కార్డు పోతుంది, నాటకం అక్కడికక్కడే ఆగిపోతుంది.

వెళ్ళి కూచున్నాను. సీలు చూశాను, చెక్కుచెదరకుండా ఉంది. ధనకుమారి నాకు నమస్కారం పెట్టింది. ఆవిడ పక్కన సమాజం వాళ్ళ వేషాల ట్రంకుపెట్టె ఉంది, పాత ఆకుపచ్చ రేకుపెట్టె, మూత మీద గులాబీలు వేసింది. నాటకం వాళ్ళ దగ్గర పెట్టె ఉండటం వింత కాదు. కీబోర్డు వైరు ఆ పెట్టెలోకి వెళ్ళడమే వింత. ఆవిడ స్పీకరు డబ్బా ఎక్కడా కనపడలేదు. పెట్టె మూత చెవికి ఒక నల్ల దారం కట్టి ఉంది. అది పైనున్న తెరల కొయ్యకి చుట్టుకుని, కిందకి దిగి, ఆవిడ కుడికాలి బొటనవేలికి ముడిపడి ఉంది. మూత ఎదురుగా, చిన్నపిల్ల కూచున్నట్టు, పొట్టి మైకు నిలబెట్టి ఉంది.

నాకంతా అర్థమైపోయింది. సీలు పడని నాబ్ ఒకటి ఆ మూతలో ఉంది. అర్థమైనట్టు ఆవిడకీ తెలిసిపోయింది.

"సీలు చూసుకోండి మాస్టారూ," అంది నా కళ్ళలోకి చూస్తూ.

"సీలు బానే ఉందమ్మా," అన్నాను.

అప్పుడే పరాంకుశం గారు వేదిక ఎక్కి తనిఖీకి వచ్చారు. సీలు చూశారు, తల పంకించారు.

"మేము కప్పిన శాలువా ఎక్కడమ్మా? రాజు గారు ధరించలేదేమి?"

"పెట్టిలో ఉందండి," అంది ధనకుమారి. "సుట్టూరా పరిచి పెట్టేనండి, బద్రంగా."

"సంతోషము," అని దిగి వెళ్ళిపోయారు.

తెర లేచింది. బుల్లెబ్బాయి గారు కిరీటంతో నడిచొచ్చాడు. పద్యం ఎత్తుకున్నాడు. మొదటి మూడు పాదాలూ గంభీరంగా, మూతికట్టుగా సాగాయి. హాల్లో అక్కడక్కడా గాజుల గలగల. ఆఖరి పాదం పట్టుకున్నాడు. కింద నుంచి పెట్టెలోంచి ఒక స్వరం లేచింది, శాలువాలో చుట్టుకుని, ఉందో లేదో తెలియనంత మెత్తగా. ఆయన రాగం మెట్టెక్కింది. ధనకుమారి బొటనవేలు వెనక్కి వంగింది. మూత వేలెడు లేచింది. ఆయన ఇంకో మెట్టెక్కాడు. ఆవిడ కాలు వెనక్కి జరిగింది, మూత జానెడు లేచింది. సగంలో సీలేసిన నాబ్ గనక మునుపటంత వెలుగు రాదని నాకు తెలుసు, కానీ ఆ మూత పైకి లేస్తున్నకొద్దీ ఆయన గొంతు నోరు విప్పుకుంటూనే ఉంది. దవడ కదల్లేదు. రెండు వేళ్ళ సందులోంచే హాలంతా నిండిపోయాడు. పెట్టె బార్లా తెరుచుకునేసరికి వెనక వరసల్లో ఒక్కడు కూడా కూచుని లేడు.

"వన్స్ మోర్!"

మళ్ళీ పాడాడు. మళ్ళీ అడిగారు. మూడోసారి పాడుతుంటే ధనకుమారి కాలు చూశాను, దారం వేలిని కోసి రక్తం వస్తోంది. ఆవిడ చూసుకోలేదు. పాదం అయిపోయింది. బుల్లెబ్బాయి గారు కిరీటం తీసి నేల మీద పెట్టి, జనానికి దణ్ణం పెట్టాడు. ఎవరి కళ్ళలోనూ జాలి లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పరాంకుశం గారు వేదిక మీదికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. వంగి సీలుని వేలితో తాకి చూశారు.

"సలహాదారు గారూ! సీలు?"

"కదల్లేదు సార్."

"నోరు?"

"అది ఎప్పుడూ అంతే సార్."

"అటులైన ఈ నాదము ఎటుల వచ్చినది? సాంకేతికముగా వివరింపుడు!"

చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. పెట్టె, మూత, శాలువా, సన్న మోతలు ఎలా ఆగుతాయో, ఎలా బయటపడతాయో. ఇంత అందమైన సంగతి తెలిసిన మనిషి హాలు మొత్తానికి ఇద్దరే, అందులో ఒకణ్ణి నేను. ఇరవయ్యారేళ్ళ పొగరు లోపల్నుంచి తన్నుకొస్తోంది. ధనకుమారి నా వంకే చూస్తోంది, వేలు దారంలోనే ఉంది. బుల్లెబ్బాయి గారు కిరీటం చేత్తో పట్టుకుని నా వంకే చూస్తున్నాడు. కిందటిసారి నేను నోరు తెరిచిన పాపానికి రాష్ట్రమంతా చెక్క కరుచుకుని ఉంది.

"పన్నెండు గంటల స్థానం మహిమ సార్," అన్నాను.

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. మైకందుకుని అరగంట ప్రసంగించారు. కింద చెవినొప్పి పెద్దమనిషి హాయిగా నిద్రపోతున్నారు. ఆ చెవికి ఏ బాధా కలగకపోవడంతో మండలి ఆశయం సిద్ధించిందని అందరూ చప్పట్లు కొట్టారు, నెమ్మదిగా, ఆయన లేవకుండా.

ఉత్తర్వు శాశ్వతమైంది. మండలిని ఇంకా విస్తరించారు. పరాంకుశం గారికి మూడో జీపు వచ్చింది. బుల్లెబ్బాయి గారు మళ్ళీ వేషం కట్టలేదు. అరుగు మీద కూచుని గంజి తాగుతాడు, ఒలికితే ఒలకనిస్తాడు, అడిగినవాళ్ళకి ఆ మూడో వన్స్ మోర్ గురించి చెబుతాడు. ధనకుమారి కొత్త నోటుబుక్కు మొదలెట్టింది. అందులో గంటలుండవు, వేళ్ళూ జానలూ ఉంటాయి. దాన్ని ఎవరెవరో రాసుకుపోతున్నారని విన్నాను.

మొన్న జీపులో వెళ్తుంటే పరాంకుశం గారు కిటికీలోంచి చూసి ఆశ్చర్యపోయారు. బస్టాపు దగ్గర కీబోర్డుల వాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. ప్రతివాడి పక్కనా ఒక రేకుపెట్టె.

"ఏమండీ సలహాదారు గారూ, ఈ మధ్య వాద్యకారులందరునూ ఆ పెట్టెలు మోసికొని తిరుగుచున్నారేమి? అందులో ఏముండును?"

"వేషాలు సార్," అన్నాను.

ఆ మాట అనేటప్పుడు నా నోరు సగమే తెరిచాను. చెక్క పెట్టి కొలుచుకోవచ్చు.